వాక్తపస్సు: ఇంట్లో, బజార్లో, వాట్సాప్‌లో ఆచరించడం ఎలా?

మూడులాంతర్లు (విజయనగరం)

అందరికీ నమస్కారం. ఈ కార్తీకంలో మా వీధి భజన మందిరంలో గీత 17వ అధ్యాయం చదువుదామనుకున్నాం. మొత్తం 28 శ్లోకాలే, పారాయణ తేలిగ్గానే అయిపోతుంది. చిక్కంతా 15వ శ్లోకం దగ్గరే.

"అనుద్వేగకరం వాక్యం సత్యం ప్రియహితం చ యత్
స్వాధ్యాయాభ్యసనం చైవ వాఙ్మయం తప ఉచ్యతే"

అంటే, ఎదుటివాళ్ళని కలవరపెట్టని, నిజమైన, ప్రియమైన, మేలు చేసే మాట, శాస్త్రాలు పైకి చదువుకోవడం, ఇవే వాక్కుతో చేసే తపస్సు అని.

చదివి, అర్థం చెప్పి వదిలేస్తే ఇంటికెళ్ళేలోపే మర్చిపోతారు. ఆచరణలో పెట్టించాలని మా ఆలోచన. వచ్చేవాళ్ళలో అత్తలున్నారు, కోడళ్ళున్నారు, ఇద్దరు బడి పంతుళ్ళు, కూరగాయల వ్యాపారం చేసేవాళ్ళు, రిటైరైన పెద్దలు ఉన్నారు.

నిజం ప్రియంగా లేనప్పుడు ఏం చెయ్యాలి? మౌనవ్రతం దీని కిందకి వస్తుందా? కొత్తవాళ్ళని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టించాలి? "మంచిగా మాట్లాడుకోండి" అనే ఉపన్యాసం మాత్రం వద్దండీ, అది అందరికీ కంఠతా వచ్చు.

అరసవల్లి_తూర్పు (శ్రీకాకుళం)

ఈ శ్లోకానికి శంకరభాష్యం చూడండి. ఉద్వేగం కలిగించకపోవడం, సత్యం, ప్రియం, హితం, ఈ నాలుగూ ఒకే మాటలో కలిసి ఉండాలన్నారు. ఒకటి లోపించినా, రెండు లోపించినా, మూడు లోపించినా అది వాక్తపస్సు కాదని విడివిడిగా చెప్పారు. కాబట్టి "నేను ఉన్నమాటే అన్నాను" అనేవాడికి నాలుగింట ఒకటే దక్కింది.

ఆయనిచ్చిన ఉదాహరణ ఇంకా పనికొస్తుంది: "శాంతో భవ వత్స, స్వాధ్యాయం యోగం చానుతిష్ఠ, తథా తే శ్రేయో భవిష్యతి" (నాయనా, శాంతంగా ఉండు, స్వాధ్యాయం, యోగం చెయ్యి, నీకు మేలు జరుగుతుంది). ఈ మాట కట్టిన తీరు చూడండి. ఆప్యాయంగా ఒక పిలుపు ఉంది, చెయ్యాల్సిన పని ఉంది, చివర దానివల్ల ఒరిగే మేలు ఉంది. ఎదుటివాడి తప్పు ఊసే లేదు.

ఇదే పద్ధతి ఇంట్లో వాడుకోవచ్చు. పిల్లాడు ఫోన్ వదలడం లేదనుకోండి. "ఎప్పుడు చూసినా ఆ దిక్కుమాలిన ఫోనే" అంటే అందులో పని లేదు, మేలు లేదు. పైగా "ఎప్పుడు చూసినా" అన్నది అబద్ధం. "నాన్నా, ఫోన్ అక్కడ పెట్టి లెక్కలు పూర్తి చేసెయ్, రాత్రి తొందరగా పడుకోవచ్చు" అంటే మూడూ ఉన్నాయి. పిలుపు మర్చిపోతే మిగిలేది ఆజ్ఞ. మేలు చెప్పకపోతే సణుగుడు. ఎక్కువమంది జారేది పిలుపు దగ్గరే. కోపంలో మొదట ఎగిరిపోయేది వరస. "వదినా" కాస్తా "ఇదిగో" అయిపోతుంది.

శాలిహుండం

అరసవల్లి గారూ, ఒక అభ్యంతరం. నాలుగూ కలిస్తేనే మాట్లాడాలంటే చెప్పాల్సిన చేదు మాట ఎవరు చెప్తారు? "న బ్రూయాత్ సత్యమప్రియం" (అప్రియమైన నిజం చెప్పకూడదు) అన్న మనుస్మృతి వాక్యాన్ని కూడా మనవాళ్ళు నోరు మెదపకుండా ఉండడానికి సాకుగా వాడుకుంటారు.

బౌద్ధంలో దీనికి విడిగా జవాబుంది. బుద్ధుడి బోధల సంపుటం మజ్ఝిమ నికాయంలో 58వ సుత్తం (ఉపదేశం), అభయ రాజకుమార సుత్తం. మాట నిజమా కాదా, మేలు చేస్తుందా చెయ్యదా, వినడానికి ఇంపా కాదా, ఈ మూడు కొలతలతో బుద్ధుడు ఆరు రకాలు చేశాడు. నిజం కానిది, మేలు చెయ్యనిది ఇంపుగా ఉన్నా, లేకపోయినా చెప్పడు. నిజమే అయినా మేలు చెయ్యనిది ఇంపుగా ఉన్నా, లేకపోయినా చెప్పడు. నిజమై, మేలు చేసేదై, వినడానికి చేదుగా ఉన్నదాన్ని మాత్రం సమయం చూసి చెప్తాడు. నిజమూ, మేలూ, ఇంపూ మూడూ ఉన్నదానికి కూడా సమయం చూస్తాడు.

ఇక్కడ రెండు సంగతులు. ఒకటి, చేదు మాటకి తలుపు మూసెయ్యలేదు. రెండు, తియ్యటి మాటకి కూడా సమయం ఉండాలన్నాడు. చావు ఇంట్లో కూచుని "మీ అమ్మాయికి మంచి సంబంధం కుదిరిందటగా" అనడం నిజమే, ఇంపే, మేలే. సమయం ఒక్కటే తప్పింది.

అదే సుత్తంలో ఒక పోలిక ఉంది. చంటిబిడ్డ నోట్లో గులకరాయి పెట్టుకుంటే తల పట్టుకుని, వేలు వంచి, నెత్తురు వచ్చినా సరే తీస్తావు కదా, దయ ఉంది కాబట్టి, అని.

గంటస్తంభం

చేదు మాట సంగతి మన ఇతిహాసాల్లోనూ ఉంది. "సులభాః పురుషా రాజన్ సతతం ప్రియవాదినః, అప్రియస్య తు పథ్యస్య వక్తా శ్రోతా చ దుర్లభః" (ఎప్పుడూ తియ్యగా మాట్లాడేవాళ్ళు సులువుగా దొరుకుతారు, చేదైనా మేలు చేసే మాట చెప్పేవాడూ, వినేవాడూ దొరకడం కష్టం) అని రావణుడికి మారీచుడు చెప్పాడు, ధృతరాష్ట్రుడికి విదురుడూ చెప్పాడు. వాళ్ళు వినలేదు, అది వేరే సంగతి.

అలాగని నిజాన్ని మొండిగా పట్టుకోవడం కూడా కాదు. మహాభారతం కర్ణపర్వంలో కౌశికుడనే తాపసి ఉన్నాడు. సత్యమే పలుకుతానని వ్రతం. దొంగలు తరుముకొస్తే జనం అడవిలో దాక్కున్నారు. దొంగలడిగితే వాళ్ళు వెళ్ళిన దారి చెప్పేశాడు. వాళ్ళంతా చచ్చారు, ఇతను నరకానికి పోయాడు. అర్జునుడికి కృష్ణుడు చెప్పిన కథ ఇది. పతంజలి యోగసూత్రం 2.30కి వ్యాసభాష్యం కూడా అంతే: మాట ప్రాణుల మేలు కోసం పుట్టాలి, హాని చేసేదైతే అది సత్యంలా కనబడినా సత్యం కాదు.

మందిరంలో ఈ కథ చెప్పండి. అయితే "చూశావా, అబద్ధం ఆడొచ్చు" అని పట్టుకునేవాళ్ళు తప్పకుండా ఒకరిద్దరు తయారవుతారు. కౌశికుడు అబద్ధం ఆడనక్కర్లేదు, ఊరుకుంటే సరిపోయేదని అక్కడే తేల్చెయ్యండి.

అరసవల్లి_తూర్పు

శాలిహుండం గారి అభ్యంతరం సబబే. కానీ శంకరులు ప్రియహితాలని దృష్టం, అదృష్టం అని విడదీశారు. ప్రియం అప్పటికప్పుడు తెలిసేది, హితం తర్వాత ఫలించేది. చేదు నిజాన్ని ప్రియం చెయ్యలేకపోవచ్చు, చెప్పే తీరుని ప్రియం చెయ్యవచ్చు కదా. గులకరాయి తీసేవాడు బిడ్డని తిడుతూ తియ్యడు.

పలాస_జీడి

ఇయన్నీ బాగున్నాయి గానీ బాబూ, పనిలో ఎలాగ? జీడిపప్పు బట్టీ కాడ, ఇటుకల బట్టీ కాడ, వరికోతల్లోనూ మేస్త్రీ గట్టిగా అరవకపోతే పని సాగదు. సంస్కృతం శ్లోకం ఆడికి ఏటి ఉపయోగం? ఇంకోటి. మన సిక్కోలు మాట బయటోళ్ళకి దెబ్బలాటలా ఇనిపిస్తాది. "ఏట్రా, ఎల్లిపోతన్నావు?" అంటే మనకది పేమ. పట్నం నుంచొచ్చిన కోడలికి అది తిట్టు. మరి దీనికేటంటారు?

బొబ్బిలి_వీణ

పలాస గారూ, యాస వేరు, గొంతు ఎత్తు వేరు, కసురు వేరు. ముందు ఈ మూడూ విడదీయాలి.

కిష్కింధకాండ మూడో సర్గలో హనుమ మాట విని రాముడు లక్ష్మణుడితో అన్నది చూడండి. "అవిస్తరమ్ అసందిగ్ధమ్ అవిలంబితమ్ అవ్యథమ్", సాగదీత లేదు, అనుమానం లేదు, నత్తనడక లేదు, వినేవాడికి బాధ లేదు. మాట గుండెలోంచి, గొంతులోంచి మధ్యమ స్వరంలో వస్తోంది. అంతకు ముందు శ్లోకంలో ముఖంలో, కళ్ళలో, నుదుట, కనుబొమ్మల్లో ఎక్కడా దోషం కనబడలేదంటాడు. రాముడు మాటలతో పాటు మొహాన్నీ చదివాడన్నమాట. "సరేలెండి" అన్న మాటలో తప్పేమీ లేదు. కనుబొమ్మ ఎగరేసి అంటే అదే తిట్టు.

మేస్త్రీ దూరాన ఉన్నవాణ్ణి పిలవడానికి గొంతు పెంచాలి, అది తప్పుకాదు. సిరిమాను జాతరలో పక్కవాడికి చెప్పాలన్నా అరవాల్సిందే. దూరం కోసం పెంచిన గొంతులో అక్షరాలు సాగుతాయి: "అప్పన్నోఓఓ, ఇటు రాఆఆ". కోపంతో పెంచిన గొంతులో అక్షరాలు తెగుతాయి, స్వరం ముక్కులోకీ తలలోకీ ఎక్కుతుంది, దవడ బిగుస్తుంది. మనిషి దగ్గరకొచ్చాక కూడా గొంతు దిగకపోతే అది దూరం వల్ల వచ్చింది కాదని అర్థం. మేస్త్రీకి ఒక్క నియమం చాలు: పిలవడం గట్టిగా, తప్పు చెప్పడం దగ్గరగా. పదిమందిలో ఒకడి పేరు పెట్టి దూరం నుంచి తప్పెత్తి చూపొద్దు.

అమలు చెయ్యడానికి కిటుకు ఒకటి: మొదటి మాట కింది స్వరంలో ఎత్తుకోండి. ఎత్తుకున్న శ్రుతే చివరిదాకా నడుస్తుంది. మొదలే పైన ఎత్తుకుంటే దిగడానికి చోటుండదు, ఇంకా పైకే పోవాలి. నోరు తెరిచే ముందు ఒకసారి పూర్తిగా ఊపిరి వదలండి. పీల్చి బిగబట్టడం కాదు, వదలాలి. బిగబట్టిన ఊపిరితో వచ్చే మాట ఎప్పుడూ తోసుకునే వస్తుంది.

మూడులాంతర్లు

ఇది చాలా ఉపయోగం, బొబ్బిలి గారూ. మౌనం గురించి ఎవరూ చెప్పలేదు. మా దగ్గర ఇద్దరు ఏకాదశికి మౌనం పడుతున్నారు. మిగతావాళ్ళూ పట్టాలా?

అరసవల్లి_తూర్పు

15వ శ్లోకంలో మౌనం లేదండీ. అది 16వ శ్లోకంలో, మానసిక తపస్సులో ఉంది: "మనఃప్రసాదః సౌమ్యత్వం మౌనమాత్మవినిగ్రహః". అంటే గీత లెక్కన మౌనం మనసుకి చెందినది. నోరు మూసి మనసు రుసరుసలాడుతుంటే అది 16వ శ్లోకమూ కాదు, 15వదీ కాదు.

గంటస్తంభం గారు చెప్పిన యోగసూత్రాల వ్యాసభాష్యంలో రెండు మౌనాలున్నాయి, కాష్ఠమౌనం, ఆకారమౌనం. మొదటిదాంట్లో సైగ కూడా చెయ్యరు. రెండోదాంట్లో మాట ఒక్కటే మానేస్తారు. ఇళ్ళల్లో జరిగేది రెండోదే. అందులో చెడేది ఇలా: పలక మీద రాసి చూపించడం, ఫోన్లో టైపు కొట్టడం, గిన్నెలు టంగుమనిపించి పని చెప్పడం. మాట ఆగింది గానీ అధికారం ఆగలేదు. ఇంట్లోవాళ్ళు ఈయన వ్రతానికి దుబాసీలుగా మారతారు.

గృహస్థులకి సగం పూట చాలు. తెల్లవారుజామున లేచింది మొదలు పారాయణ అయ్యేదాకా. ముందురోజు రాత్రే ఇంట్లో చెప్పి ఉంచాలి, మర్నాటి పనులు సర్దేసుకోవాలి. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే వెంటనే విరమించాలి. ఎవరితోనైనా పోట్లాట నడుస్తున్న రోజుల్లో అసలు పట్టకూడదు. అప్పుడు మౌనం శిక్ష అవుతుంది. అవతలివాళ్ళకి తెలుస్తుంది కూడా.

రామతీర్థం_మెట్లు

జైనుల దగ్గర ఇది ఇంకా చక్కగా విడదీసి ఉంది. మూడు గుప్తుల్లో (నిగ్రహాల్లో) వచనగుప్తి ఒకటి, అంటే అక్కర్లేని మాట ఆపుకోవడం. ఐదు సమితుల్లో (జాగ్రత్తల్లో) భాషాసమితి ఒకటి, అంటే అవసరమై మాట్లాడేటప్పుడు జాగ్రత్తగా మాట్లాడడం. ఒకటి సాధిస్తే రెండోది రాదు. తక్కువ మాట్లాడేవాడు ఆ తక్కువలోనే ముల్లు గుచ్చగలడు.

బొబ్బిలి_వీణ

15వ శ్లోకంలో రెండో సగాన్ని అందరూ దాటేస్తున్నారు. "స్వాధ్యాయాభ్యసనం చైవ". పైకి చదవడం కూడా వాక్తపస్సే. నా ఉద్దేశంలో మీ మందిరం మొదలెట్టాల్సింది ఇక్కణ్ణుంచే, ఎందుకంటే దీనికి ఎదుటి మనిషి అక్కర్లేదు.

ఈ శ్లోకం ఛందస్సు అనుష్టుప్పు. అందులో పాదానికి 8 అక్షరాలు, శ్లోకానికి 32. ఒక్కో ఊపిరికి 16 అక్షరాలు, అంటే అర్ధశ్లోకం. అక్కడ ఆగి ఊపిరి తీసుకుని మిగతా సగం. రోజుకి పావుగంట అలా చదివితే, మాట్లాడేటప్పుడు కూడా ఊపిరి అయిపోకముందే ఆగడం అలవాటవుతుంది. వాదనలో నోరు జారేది ఊపిరి అడుగంటినప్పుడు బయటకొచ్చే చివరి రెండు మాటల్లోనే.

ఉచ్చారణ గురించి చెప్పే పాణినీయ శిక్షలో అధమ పాఠకులు ఆరుగురు: పాట పాడేవాడు, తొందరపడేవాడు, తల ఊపేవాడు, రాసింది చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు పీలగా ఉండేవాడు. మైకు అందుకోగానే మొదటి మూడూ ఒకేసారి వచ్చేస్తాయి. మైకు లేకుండా చదివించండి.

శాలిహుండం

కొత్తవాళ్ళని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టించాలన్న మూడో ప్రశ్నకి నా జవాబు. వాక్కుతో చేసే తప్పులు నాలుగు: అబద్ధం, చాడీ, పరుషం, పనికిమాలిన కబుర్లు. పాలీలో ముసావాద, పిసుణవాచ, ఫరుసవాచ, సంఫప్పలాప. అష్టాంగహృదయం సూత్రస్థానం రెండో అధ్యాయంలో వాగ్భటుడు చెప్పిన పది పాపాల్లో కూడా ఇవే నాలుగున్నాయి. ఇది వైద్యగ్రంథమని గుర్తుంచుకోండి.

నాలుగూ ఒకేసారి మానమనకండి, రెండోరోజుకే వదిలేస్తారు. వారానికొకటి పెట్టండి. మొదట చాడీ. ఎందుకంటే దాన్ని గుర్తుపట్టడం అన్నిటికన్నా తేలిక: మాట్లాడుతున్న మనిషి ఎదురుగా లేడు. పరీక్ష కూడా సులువే. ఆ మనిషి ఇప్పుడు గుమ్మంలోకి వస్తే ఈ వాక్యాన్ని ఇదే గొంతుతో పూర్తి చెయ్యగలనా? చెయ్యలేనంటే అక్కడే ఆపాలి. డాక్టరుకి రోగి సంగతి చెప్పడం, బడిలో పిల్లాడి సంగతి తండ్రికి చెప్పడం, ఎవరో మోసగాడని తెలిసి హెచ్చరించడం చాడీ కాదు, అక్కడ వినేవాడికి దానితో పనుంది.

వినడం దగ్గర కూడా తప్పు జరుగుతుంది. ఎదుటివాళ్ళు చాడీ మొదలెడితే "అలా మాట్లాడకూడదు" అని పాఠం చెప్పొద్దు, అది పరుషం. "ఆవిడకి ఇప్పుడెలా ఉంది? ఓసారి వెళ్ళి చూసొద్దామా?" అంటే మాట దానంతటదే దారి మళ్ళుతుంది.

రెండో వారం పరుషం, మూడో వారం అబద్ధం. కబుర్లు ఆఖరికి. నిజం చెప్పాలంటే కబుర్లని గృహస్థుల విషయంలో మరీ బిగించకూడదనుకుంటాను. అరుగు మీద ఊసుపోని మాటలు లేకపోతే ముసలివాళ్ళు ఒంటరివాళ్ళైపోతారు.

పలాస_జీడి

ఆఖరి మాట బాగా సెప్పినారు. 🙏

చీపురుపల్లి_జంక్షన్

వాట్సాప్ గురించి నాలుగు ముక్కలు. మా బంధువుల గ్రూపులు రెండింటికి నేను అడ్మిన్‌ని, అందుకని.

రాతకి స్వరం లేదు. "సరే" అని ఒక్కటే రాస్తే చదివేవాడు తన మూడ్‌ని బట్టి గొంతు తగిలిస్తాడు. అందుకే గ్రూపులో వరస తప్పకుండా రాయాలి: "సరే పెద్దమ్మా", "అలాగే బావా". మెచ్చుకోలు గ్రూపులో, తప్పు ఫోన్లో. తప్పు గ్రూపులో రాస్తే అది యాభైమంది ముందు అన్నట్టే, పైగా చెరిపినా ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ తీసి ఉంటారు. ఊళ్ళో ఫలానావాళ్ళ గురించి వచ్చిన ఫార్వర్డ్ పంపితే, శాలిహుండం గారి లెక్కలో అబద్ధం, చాడీ, కబుర్లు మూడూ ఒక్క వేలితో అయిపోతాయి.

రాత్రి పది దాటాక వచ్చిన కోపం మెసేజ్‌కి పొద్దున్న పళ్ళు తోముకున్నాకే జవాబివ్వాలి. టైపు చేసుకోండి, తప్పులేదు. గ్రూపులో కాదు, నోట్స్‌లో.

గంటస్తంభం

మూడులాంతర్లు గారూ, ఒక హెచ్చరిక. 18వ శ్లోకం వదలకుండా చదివించండి. సత్కారం కోసం, మానం కోసం, పూజ కోసం దంభంతో చేసే తపస్సు రాజసం, అది చలం, అధ్రువం (నిలకడ లేనిది, నిలవనిది) అన్నాడు కృష్ణుడు. నెల తిరిగేసరికి మీ మందిరంలో ఇది కనబడుతుంది. "ఆవిడ ఎంత మృదువుగా మాట్లాడుతుందో" అనిపించుకోవాలనే మృదుత్వం. గుర్తు ఏమిటంటే, అది మందిరంలో, పెద్దల ముందు ఉంటుంది. ఆటోవాడితో, పనిమనిషితో ఉండదు. కాబట్టి ఎవరెలా మాట్లాడుతున్నారని ఒకరికొకరు మార్కులు వేసుకునే పద్ధతి పెట్టొద్దు. కొన్నిచోట్ల తిట్టు మాటకి రూపాయి జరిమానా డబ్బా పెడతారు. అది కూడా వద్దు. రూపాయి వేసి మరీ తిడతారు.

మూడులాంతర్లు

😀 డబ్బా నిజంగానే అనుకున్నాం, మానేస్తున్నాం. ఇంకో ప్రశ్న. నోరు జారాక ఏం చెయ్యాలి? "సారీ" అనడం మా పెద్దవాళ్ళకి నామోషీ.

రామతీర్థం_మెట్లు

పెద్దవాళ్ళు ఆ మాట అనక్కర్లేదు, పని జరిగితే చాలు. అన్న మాటని వెనక్కి తీసుకోవాలి, ఏ మాటో పేరు పెట్టి: "నిన్న నీ పుట్టింటివాళ్ళని అన్నాను, అది అనాల్సిన మాట కాదమ్మా." ఇంతే. దీనికి "కానీ" అని తగిలించకూడదు. "అనకూడదు కానీ నువ్వు కూడా" అన్నారంటే రెండో పోట్లాట మొదలైనట్టే.

ఎంతమంది ముందు అన్నారో అంతమంది ముందే వెనక్కి తీసుకోవాలి. నలుగురిలో అని, వంటింట్లో చెవిలో చెప్తే చెల్లదు. మర్నాటిలోపు చెయ్యాలి. అలాగని కోపం దిగకముందే కాదు, గొంతులో అది వినబడిపోతుంది. అవతలివాళ్ళు వెంటనే నవ్వాలని చూడొద్దు. "చెప్పాను కదా, ఇంకా ఏమిటి ఆ మొహం?" అన్నారంటే మొదటికొచ్చినట్టే.

జైనులు ఏడాదికోసారి పర్యూషణ పండుగ చివర అందరికీ "మిచ్ఛామి దుక్కడం" (నా తప్పు ఫలించకుండా పోవాలి) అని క్షమాపణ చెప్పుకుంటారు. అక్కడ చిన్నా పెద్దా అందరూ చెప్తారు కాబట్టి నామోషీ ఉండదు. మీరు పారాయణ ఆఖరి రోజున అలాంటిదొకటి పెట్టుకోవచ్చు, వయసులో పెద్దవాళ్ళతోనే మొదలుపెట్టి.

మూడులాంతర్లు

మంచి ఆలోచన. ఆఖరుగా ఒకటి. మా రిటైరైన పెద్దల్లో ముగ్గురికి వినికిడి తక్కువ. వాళ్ళతో మధ్యమ స్వరం ఎలా కుదురుతుంది? ఇంట్లోవాళ్ళు అరిచి చెప్తారు, ఆయనకి కోపం వస్తుంది, "నన్ను కసురుతున్నారు" అంటాడు.

బొబ్బిలి_వీణ

ఆయన అంటున్నది నిజమే. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందు పోయేది పై స్వరాలు. స, ష, త, ఫ లాంటి హల్లులు అందవు. అచ్చులు అందుతాయి. అరిచినప్పుడు అచ్చులే పెద్దవవుతాయి, హల్లులు ఇంకా మునిగిపోతాయి. స్వరం కూడా పైకెక్కుతుంది, అంటే ఆయనకి వినబడని చోటికే పోతుంది. మాట అందదు, కసురు ఒక్కటే అందుతుంది.

వెనకనుంచి మాట్లాడొద్దు. ఎదురుగా వచ్చి, వెలుతురు మీ మొహం మీద పడేలా నిలబడండి, కిటికీకి వీపు పెట్టొద్దు. ముందు పిలిచి, ఆయన చూశాక మాట మొదలుపెట్టండి. టీవీ ఆపండి, ఫ్యాన్ శబ్దం ఎక్కువైతే తగ్గించండి. గొంతు ఒక మెట్టు కిందకి దింపి, మామూలుకన్నా కాస్త గట్టిగా, పదానికీ పదానికీ మధ్య ఆగి చెప్పండి. ఒకసారి అందకపోతే అదే వాక్యాన్ని మళ్ళీ గట్టిగా అనకుండా మాటలు మార్చి చెప్పండి. "మాత్ర వేసుకున్నారా?" అందకపోతే "పొద్దుటి మందు మింగారా, మావయ్యా?" అనండి. "ఏమీ లేదులెండి" అని మాత్రం వదిలెయ్యకండి, అది వాళ్ళకి అన్నిటికన్నా ఎక్కువ తగులుతుంది.

పారాయణలో వాళ్ళని చదివేవాళ్ళకి ఎదురుగా మొదటి వరసలో కూచోబెట్టండి. పుస్తకం పెద్ద అక్షరాలది ఇవ్వండి. చెవి పరీక్ష చేయించారా లేదా కూడా ఇంట్లోవాళ్ళని అడగండి, కొందరికి గుబిలి తీయిస్తేనే సగం సర్దుకుంటుంది.